ఎడమకాలికి మైనం, కుడికాలికి పాకం

ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక మహాగాథ. ఇందులో నిప్పుంది, ఆర్తనాదాలున్నాయి, శత్రుసైన్యం వేసిన కేక ఉంది, మూడు తరాలుగా వచ్చిన విద్యను ఒక వంశం ఒక్క పూటలో మరిచిపోవడం ఉంది. చదివేవాళ్లు గుండె చిక్కబట్టుకుని కూర్చోవాలి. సరే, గాథ అన్నది కొంచెం ఎక్కువైంది. ఇది నా కాళ్ల మీది వెంట్రుకల సంగతి.

మొన్న మా మనవరాలు రెండు డబ్బాలు తెచ్చి సోఫా మీద పెట్టుకుని, ఒకదాని మీద వ్యాక్స్ అనీ ఇంకొకదాని మీద షుగరింగ్ అనీ ఉన్న అక్షరాలను మార్చి మార్చి చదువుతోంది. నన్నేమీ అడగలేదు. అరవై దాటిన మనిషికి ఇలాంటి విషయంలో ఒక అభిప్రాయం ఉంటుందని ఏ మనవరాలూ అనుకోదు. నేనే కళ్లజోడు పైకి తోసుకుని, రెండూ నాకు తెలుసు, ఒక్కో కాలికి ఒక్కోటి చేయించుకున్నాను, మధ్యలో ఒక్క రాత్రే తేడా, అన్నాను.

"సుమ్మా చెప్పొద్దవ్వా!" అంది పిల్ల. ఊరికే చెప్పడానికి నాకేం పని? డబ్బా మూత తీయగానే వచ్చిన ఆ నిమ్మకాయ పాకం వాసనకు నా కుడికాలు నాకంటే ముందే వెనక్కి జరిగింది.

అది డెబ్బయ్యో దశకం చివర. తంగసాల వీధి వెనక సందులో మా ఇల్లు. కొత్తవాల్ చావడి బజారులో మా నాయనకు పంచదార, బెల్లం మండీ ఉండేది. తాత కాలం నుంచీ అదే వ్యాపారం కాబట్టి మా ఇంట్లో దేవుడి తరవాత దండం పెట్టేది గోనెమూటలకే. మీరూ నా ఈడువాళ్లే అయితే మీకు తెలిసే ఉంటుంది, ఆ రోజుల్లో ఆడపిల్ల కాళ్లు పావడా కింద ఉండేవి, వాటిని గురించి ఎవరికీ ఏ చింతా ఉండేది కాదు. నేను కూడా నా కాళ్లను నడవడానికే తప్ప చూడడానికి వాడలేదు. అలాంటిది కాలేజీలో చేరిన ఏడే నన్ను బాస్కెట్‌బాల్ జట్టులోకి తీసుకున్నారు. బాస్కెట్ అన్న మాట చూసి బుట్టలల్లే క్లాసు కాబోలనుకుని మా నాయన కాగితం మీద సంతకం పెట్టేశాడు. ఆటకు తెల్ల నిక్కరు వేసుకోవాలని ఆ కాగితంలో లేదు. ఉన్నా ఆయన అంత దూరం చదవడు.

మైలాపూరు వైపు ఉన్న ఒక కాలేజీతో మొదటి పోటీ. బంతి నా చేతికి వచ్చింది, నాలుగడుగులు వేశాను, అంతలో వాళ్ల అమ్మాయిలు కూర్చున్న మెట్ల మీద నుంచి ఒక్కసారిగా కేక లేచింది. "కరడీ, విడాదే!"

తమిళం రానివాళ్ల కోసం చెబుతున్నాను, కరడి అంటే ఎలుగుబంటి, విడాదే అంటే వదలొద్దు. నేను కిందికి చూసుకున్నాను. మా వంశంలో ఆడవాళ్లకు జడలు పొడుగు, ఆ ధారాళం జడతోనే ఆగలేదని ఆ రోజే నాకు తెలిసింది. నేను కాళ్లు చూసుకుంటుండగానే బంతిని ఎవరో లాక్కుపోయారు. ఆ తరవాత బంతి నా వైపు వచ్చిన ప్రతిసారీ అదే కేక. ఎలుగుబంటిని బంతి వదలొద్దని అంత ప్రేమగా హెచ్చరించడం ఎందుకో నాకు అర్థం కాలేదు గానీ, అవమానంలో వ్యాకరణం ఎవరు చూస్తారు?

నెల తిరక్కుండానే మళ్లీ అదే కాలేజీతో, అదే మైదానంలో, శనివారం నాలుగు గంటలకు పోటీ పడింది. ఈసారి రాకపోతే నా చోటు ఇంకో అమ్మాయిదేనని ఆటల టీచరమ్మ ఖాయంగా చెప్పేసింది. ఆ జట్టులో చోటు తప్ప నేను నా అంతట నేను సంపాదించుకున్నది ఆ వయసుకు మరేదీ లేదు. వెళ్లకపోతే అది పోతుంది, వెళితే ఎలుగుబంటినవుతాను. నాకు భయం వేస్తే ఏడుపు రావలసిన చోట వెటకారం వస్తుంది. ఆ వారమంతా నేను వేసిన జోకులకు ఇంట్లోవాళ్లు నవ్వీ నవ్వీ అలిసిపోయారు. మా పిన్ని ఒక్కతే నవ్వకుండా, ఏందే నీ బాధ, అని అడిగింది.

పిన్ని మౌంట్ రోడ్డులో ఒక ఆఫీసులో టైపిస్టు. లోకం తెలిసినది. శుక్రవారం సాయంత్రం నన్ను ఆ దగ్గరలోనే ఒక చీనా ఆమె నడిపే బ్యూటీ పార్లరుకు తీసుకుపోయింది. ఇప్పటి పార్లర్లను ఊహించుకోకండి. అదొక మేడమీది గది, మూలన కరెంటు పొయ్యి, దాని మీద ఒక తగరపు డబ్బా, అందులో తేనెరంగులో ఏదో కుతకుతా ఉడుకుతోంది. పక్కన బల్ల మీద చెక్కకత్తి, వరసగా కత్తిరించి పెట్టిన ముతకగుడ్డ పట్టీలు. మా చావడిలో లారీ చక్రాలకు పెట్టే కందెనకూ ఆ వాసనకూ ఏదో చుట్టరికం ఉంది. మన పురాణాల్లో నరకాన్ని వర్ణించినవాళ్లు పొయ్యి, డబ్బా వరకూ సరిగ్గానే చెప్పారు గానీ గుడ్డ పట్టీల సంగతి మరిచారు.

ఆమె చాలా మంచిది, నా తల నిమిరింది కూడా. చెక్కకత్తితో ఆ వేడి మైనాన్ని ఎడమకాలి మీద పైనుంచి కిందికి పూసింది, పట్టీ అద్దింది, అరచేత్తో రుద్దింది, వచ్చీరాని తమిళంలో ఊపిరి పీల్చుకోమంది. పీల్చుకున్నాను. కింది నుంచి పైకి ఒక్క లాగు లాగింది. పీల్చుకున్న ఊపిరి ఎటు పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. చిరిగింది గుడ్డా నేనా అని చూసుకున్నాను. గుడ్డ బాగానే ఉంది. అలా పదిహేనుసార్లో ఇరవైసార్లో, నేను లెక్కపెట్టే స్థితిలో లేను. చివరికి మిగిలిన జిగురు తుడవడానికి కొబ్బరినూనె రాసింది. నిజం చెప్పాలంటే కాలు అద్దంలా ఉంది. నాదేనా అని గిచ్చి చూడబోయి, ఇప్పటికి చాల్లే అని ఊరుకున్నాను.

డబ్బాను మళ్లీ పొయ్యి మీద పెట్టడానికి ఆమె అటు తిరిగింది. నేను పావడా దించుకుని ఇటు తిరిగాను. మెట్లు దిగి, రోడ్డు దాటి, బస్సు స్టాపు చేరాకే ఆగాను. పిన్ని నా చెప్పు ఒకటి పట్టుకుని రొప్పుతూ వచ్చింది.

"సగం గొరిగిన మేక మాదిరి వచ్చేస్తివి గదే! ఇంకో కాలు ఎవురు తీస్తారు, మీ నాయనా?"

రెండో కాలికి ప్యాంటు వేసుకుని ఆడతాను అన్నాను. పిన్ని ఆ చెప్పు నా కాళ్ల దగ్గర పడేసి బస్సెక్కింది.

తెల్లవారాక పిన్నికి పక్కింటి ఆమె గుర్తుకొచ్చింది. భర్త కువైట్‌లో ఉద్యోగం చేస్తుండగా నాలుగేళ్లు అక్కడ ఉండి వచ్చింది కాబట్టి మేమంతా ఆమెను కువైటక్క అనేవాళ్లం. ఆ దేశంలో ఆడవాళ్లు ఇంట్లోనే పంచదార, నిమ్మరసం, కాసిని నీళ్లతో పాకం పట్టి కాళ్లూ చేతులూ నున్నగా చేసుకుంటారనీ, దాన్ని అక్కడ హలావా అంటారనీ ఆమె పిట్టగోడ మీద నుంచి చెప్పింది. ఇంటికి చుట్టాలొచ్చి ఉన్నారు, మూడింటికి వచ్చి చూస్తానంది. పిన్ని వంటింట్లోకి వచ్చేసరికి హలావా కాస్తా హల్వా అయింది.

వంటిల్లు మా మేనత్తది. అమ్మ నెల్లూరులో పెళ్లికి పోయి ఉంది కాబట్టి ఆ వారం ఇల్లంతా అత్తదే. పాకం విషయంలో అత్త మాటకు చావడిలో కూడా ఎదురు లేదు. వేళ్ల మధ్య చుక్క పెట్టి చూసి అరిసెలకా, ఉండలకా అని కళ్లు మూసుకుని చెప్పేది.

"హల్వాకు నెయ్యి లేకుండా ఎట్టనే? కువైటోళ్లకు దొరక్క ఏసుకోరేమో, మనకేం కర్మ?" అని రెండు చెంచాల నెయ్యి, పై నుంచి నాలుగు ఏలక్కాయల పొడి వేసింది. నడవా పక్కన తూము దగ్గర నన్ను పీట మీద కూర్చోబెట్టి కుడికాలికి పూస్తే అది మోకాలి నుంచి మడమ దాకా జారుతూ వచ్చి నేల మీద కూర్చుంది. ఒక్క వెంట్రుక కూడా కదల్లేదు, పైగా నిగనిగలాడాయి. గిన్నెలో మిగిలినదాన్ని వేలితో నాకి చూసి, రుచికేం లోటు లేదని అత్త తీర్పు చెప్పింది.

రెండోసారి నెయ్యి మానేసింది గానీ పౌరుషం మానలేదు. తీగపాకం దాటింది, అత్త దించలేదు. ఉండపాకం వచ్చింది, చిన్న పళ్లెంలో నీళ్లు పోసి చుక్క వేస్తే ఠంగుమని మోగింది. ఇదీ పాకమంటే అని మురిసిపోయి, కాస్త చల్లారనిచ్చి, మోకాలి కింది నుంచి చీలమండ దాకా ఒకే మందాన పరిచేసింది. మేము ముగ్గురం దాన్ని చూస్తూ కూర్చున్నాం. చూస్తుండగానే అది బిగుసుకుంది. పల్లీలు మరిచిపోయిన పల్లీపట్టీ నా కాలికి తొడిగినట్టయింది.

పిన్ని ఒక కొస పట్టుకుని లాగితే పాకం రాలేదు, నేను వచ్చాను. ఇంకోసారి లాగితే పీటతో సహా వచ్చాను. గడియారం రెండు దాటింది. నాలుగింటికి పోటీ, మూడుంబావుకైనా బస్సెక్కాలి. అప్పుడు నిజంగా భయం వేసింది. ఇంక నా చోటు పోయినట్టే అనిపించింది. ఆపైన ఈ కాలు ఇలాగే ఉండిపోతుందేమో, పెద్దాసుపత్రికి తీసుకుపోతే డాక్టరుకు ఏమని చెప్పాలి, చీమలకు తెలిస్తే ఏం గతి అని వరసగా తోచసాగాయి. జోకు కోసం వెతికితే ఒక్కటీ దొరకలేదు. పార్లరులో చూసింది గుర్తొచ్చి కొబ్బరినూనె రాశాం, పాకం మెరిసింది. పిన్ని కిరసనాయిలు అంది. అత్త లోపలికి పోయి పచ్చడిబండ తెచ్చింది.

"ఒక్కటే దెబ్బ, చిట్లిపోతాది. కదలబాక!"

"ఎముక చిట్లితే?" అన్నాను.

"దానికి కట్టు కట్టేవాళ్లుండారు, దీనికెవురుండారు?"

అత్త బండ ఎత్తిన ఆ క్షణంలోనే వీధి తలుపు చప్పుడైంది. నాయన భోజనానికి వచ్చాడు. పిన్ని దుప్పటి తెచ్చి నా కాలి మీద కప్పింది, అత్త బండను వెనక్కి దాచింది. ఆయన మా వైపు చూడనైనా లేదు. నడవాలో నిలబడి ఆకాశం చూస్తూ తనలో తాను అనుకున్నట్టుగా అన్నాడు. "మబ్బు పట్టిందే. గోడౌన్ కప్పు ఆడ కారతా ఉండాది. ఒక్క చుక్క పడితే చాలు, మూటలు మూటలే కరిగి కాలవలో పోతాయి." అంతే, అన్నం కూడా తినకుండా టార్పాలిన్ కప్పించడానికి వచ్చిన దారినే పరుగెత్తాడు.

ముగ్గురం విన్నాం. నాయన చూడనందుకు దేవుడికి దండం పెట్టుకున్నాం. అత్త మళ్లీ బండ ఎత్తింది.

బండ కిందికి దిగేలోపే, చుట్టాలు తొందరగా వెళ్లిపోవడం వల్ల మూడు కాకముందే కువైటక్క వచ్చింది. దుప్పటి తీసి చూసి, గుమ్మానికి ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వింది. తరవాత పొయ్యి మీది గోరువెచ్చని నీళ్లు ఒక చెంబుతో తెచ్చి నా కాలి మీద పోసింది. పాకం జారి, కరిగి, తూములోకి పోయింది. మూడు తరాలుగా వానకు భయపడి బతికిన ఇంట్లో మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అత్త బండ తీసుకుని లోపలికి వెళ్లి, చాలాసేపు బయటికి రాలేదు.

కువైటక్క గిన్నెలోని పాకంలో నీళ్లు పోసి మళ్లీ వేడిచేసి, చేతిలో సాగదీసి ముద్ద చేసి, ఆ ముద్దను కింది నుంచి పైకి అద్దుతూ, వెంట్రుకలు వాలిన వైపుకే చటుక్కున లాగుతూ పోయింది. నొప్పి లేదని చెబితే అబద్ధం. కానీ అది దోమలు వరసగా కుట్టిన నొప్పి, మైనానిది తలుపు సందులో చెయ్యి పడ్డ నొప్పి. పైగా పొయ్యీ డబ్బా చూపించి ముందుగా బెదిరించలేదు. టైము చాలక వెనక పిక్క సగం అలాగే మిగిలిపోయింది. ముందుకే పరుగెత్తు, వెనక్కి తిరగబాక, అని పిన్ని సలహా ఇచ్చింది.

మైదానంలో దిగాను. ఎడమకాలు ఎర్రగా, కుడికాలు ముందు నున్నగా, వెనక మామూలుగా. బంతి నా చేతికి వచ్చింది. మెట్ల మీద నుంచి అదే కేక. "కరడీ, విడాదే!"

నా కాళ్లు ఆగాయి. ఇంతా చేసి ఇంకా ఎలుగుబంటినేనా అనుకుంటుండగా నా ఎదురుగా చేతులు చాపి అడ్డం నిలబడ్డ వాళ్ల పొడుగాటి అమ్మాయి ఆ మెట్ల వైపు తిరిగి, సరే సరే అన్నట్టు చెయ్యి ఊపి నవ్వింది. కరడి ఆ అమ్మాయి. జట్టులో ముద్దుపేరట. మొదటి పోటీలో కూడా నన్ను కాచింది తనే. నన్ను వదలొద్దని వాళ్లు చెబుతున్నది తనకు. నా కాళ్లను ఆ మెట్ల మీద ఒక్కరు కూడా చూడలేదు. తను అటు తిరిగి నవ్విన ఆ క్షణంలో నేను బంతి విసిరాను, బుట్టలో పడింది. పోటీ ఓడిపోయాం, నా చోటు మాత్రం మిగిలింది. ఆట అయ్యాక కరడి వచ్చి చెయ్యి కలిపితే అప్పుడు గమనించాను, తన కాళ్లు నా పాతకాళ్లలాగే ఉన్నాయి. తనకు ఆ సంగతి తెలిసినట్టు కూడా లేదు.

ఇప్పుడు అత్త లేదు. చావడి ఊరవతలికి వెళ్లిపోయి చాలా కాలమైంది, మా మండీ ఉన్నచోట ఏదో అద్దాల మేడ లేచింది. కువైటక్క వాళ్లు ఏ ఊళ్లో ఉన్నారో తెలియదు. మనవరాలు తన గది తలుపు వేసుకుని, ఫోనులో ఎవరో చెప్పింది వింటూ, ఒక్కతే ఆ పని చేసుకుంటుంది. భయం వేస్తే అడ్డం కూర్చోవడానికి ఒక పిన్ని లేదు, బండ పట్టుకుని నిలబడడానికి ఒక అత్త లేదు. అంత భయాన్ని ముగ్గురం పంచుకున్న మధ్యాహ్నం నాకు మళ్లీ రాలేదు, ఎంత వింతో చూడండి, అప్పుడప్పుడూ దాని కోసం మనసు లాగుతుంది.

"అయితే ఏది మంచిదవ్వా?" అంది పిల్ల అంతా విని.

మైనం వదలాలంటే నూనె కావాలి, పంచదారకు నీళ్లు చాలు అన్నాను. వెంట్రుకలు రెండు కాళ్లకూ నాలుగో వారంలో మళ్లీ వచ్చాయి.