మా ఆయనకు వచ్చిన మార్కులు

నేను కాలింది ఉప్పు సీడై వల్ల. ఈ మాట చెబితే ఇప్పటిదాకా నమ్మినవాళ్ళు తక్కువ.

సీడై అంటే బియ్యప్పిండిని గోలీకాయలంత ఉండలు చేసి నూనెలో వేయించే పిండివంట. మా పుట్టిల్లు నగరి. అరవదేశం పక్కనే కాబట్టి మా వైపు కృష్ణాష్టమికి అది లేకపోతే పండుగ జరిగినట్టు కాదు. ఆ ఉండల్లో ఎక్కడైనా తడి చిక్కుకుంటే నూనెలో పడ్డాక టపాకాయలా పేలుతుంది. నాది పేలింది. నూనె ఎగిరి స్టవ్ మీద పడింది, మంట భగ్గున లేచి, తలంటు పోసుకుని విరబోసుకున్న నా జుట్టును అందుకుంది. మా ఆయన పరుగున వచ్చి దుప్పటి కప్పి ఆర్పాడు. కుడివైపు తల, చెవి, మెడ, చేయి ముడతలు పడి మిగిలాయి. అంతకుముందు నేనేమీ రంభను కాను కాబట్టి అందం పోయిందని ఎక్కువ రోజులు ఏడవలేదు.

ఆడమనిషి కాలి ఆస్పత్రికి వస్తే వాంగ్మూలం తీసుకోవడం పద్ధతి. వచ్చిన పెద్దమనిషి మా ఆయనను బయటికి పంపి, తలుపు దగ్గరగా వేసి, "భయపడొద్దు తల్లీ, జరిగింది జరిగినట్టు చెప్పు" అన్నాడు. సీడై అన్నాను. ఆయన కలం ఆపి, "ఇట్టా చెప్పమని ఇంట్లో ఎవరైనా నేర్పినారా?" అని అడిగాడు. నేర్పేవాళ్ళే ఉంటే ఇంతకంటే నమ్మకంగా ఉండే అబద్ధం నేర్పరా అని అడుగుదామనుకున్నాను. పెదవులు మండుతుంటే ఊరుకున్నాను.

తిరుపతిలో కాపురముండటం ఒక విధంగా నా అదృష్టం. ఈ ఊళ్ళో ఏ వీధిలో చూసినా గుండ్లే. సగం జుట్టు లేని నా తలను కొత్తవాళ్ళెవరూ పట్టించుకోరు. ఒకసారి బస్టాండులో ఒకామె నా చెంగు సర్దుతూ, "క్షవరం సరిగ్గా చెయ్యలేదమ్మా, ఈ పక్క వదిలేసినాడు" అని మంగలిని తిట్టింది కూడా. నేనూ ఆమెతో కలిసి తిట్టాను. చెవి, మెడ, చేయి కంటపడితే మాత్రం గొంతు తగ్గించి ఆరా తీస్తారు. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళకు సీడై కథ చెప్పి చెప్పి, ఇప్పుడు చేతులు ఎత్తమనే లోపల కథ ముగించడం అలవాటైంది.

ఇక మా ఆయన సంగతి. ఒక లాడ్జిలో కౌంటర్ దగ్గర కూర్చుని గదుల తాళాలు ఇస్తాడు. బల్బు మార్చాలంటే మెయిన్ ఆపి, అది నిజంగా ఆగిందో లేదో నన్ను చూసి రమ్మనే రకం. దీపావళికి కాకరపువ్వొత్తి కూడా నేనే వెలిగించి చేతికివ్వాలి. అలాంటి మనిషి, నేను ఆస్పత్రి నుంచి వచ్చాక నా పక్కన నడవడం మానేశాడు.

మొదట్లో గమనించలేదు. తర్వాత చూద్దును కదా, వీధిలో అడుగుపెడితే చాలు, ఎవరికో అప్పు ఎగ్గొట్టినవాడిలా ముందు ముందు పోతాడు. ఆటో ఎక్కితే డ్రైవర్ పక్కన ఇరుక్కుంటాడు. బస్సులో నన్ను ముందు కూర్చోబెట్టి తాను చివరి సీటుకు పోతాడు. కూరగాయల అంగడికి ఇద్దరం కలిసి పోతే, నన్ను నీడలో నిలబెట్టి తానొక్కడే పోయి కుళ్ళిన టమోటాలు తెస్తాడు. ఆ టమోటాలను నేను ఆయన తెలివితక్కువతనం ఖాతాలో వేశాను. మిగతాదంతా చూసి, ఈ మనిషికి నా పక్కన కనపడటం నామోషీగా ఉంది అని తేల్చుకున్నాను. ముందు ఏడుపొచ్చింది. తర్వాత కోపమొచ్చింది. ఏడుపు పోయింది గానీ కోపం మాత్రం ఇంట్లోనే మకాం పెట్టింది. చాలా రోజులు రసంలో ఉప్పు అడ్డదిడ్డంగా పడింది. ఆయన నోరెత్తకుండా తాగాడు, అది చూసి ఇంకా మండింది.

నగరిలో మా తమ్ముడు ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి పిలిచాడు. "నువ్వు ముందు బస్సుకు పో, నేను వెనక బస్సుకు వస్తా" అన్నాడు మా ఆయన, చొక్కా గుండీలు చూసుకుంటూ. సరే అన్నాను. పక్కన కూర్చుని రాకపోతే ఇక జన్మలో ఈయనతో కలిసి గడప దాటకూడదని లోపల ఒట్టు పెట్టుకున్నాను. నాకు కోపమెక్కువ, పెట్టుకున్న ఒట్టు తీసి గట్టున పెట్టే రకం కాదని ఆయనకూ తెలుసు. ఒట్టు పెట్టుకున్నానని మాత్రం తెలియదు.

ఆ వారంలోనే ఒక పాప మా ఇంటికొచ్చింది. ఏర్పేడు వైపు పిల్ల, నర్సింగులో పెద్ద చదువు చదువుతోంది. కాలి బతికిన పెద్దవాళ్ళను లోకం ఎలా చూస్తోందో, చూస్తున్నట్టు వాళ్ళకు ఎలా అనిపిస్తోందో కొలవాలట. దానికి కొన్ని ప్రశ్నలు. ప్రతిదానికీ ఎన్నడూ లేదు, అరుదుగా, అప్పుడప్పుడు, తరచుగా, ఎల్లప్పుడూ అని ఐదు జవాబులు. ఎన్ని మార్కులొస్తే పాసు అని అడిగాను.

"ఇది పరీక్ష కాదక్కా. మార్కులు ఎక్కువొస్తే బాధ ఎక్కువని అర్థం" అంది.

"అయితే తక్కువ తెచ్చుకుంటాలే" అన్నాను. అలా అనుకుని జవాబులు చెప్పకూడదని పాప పాపం చాలా ఓపికగా చెప్పింది. మా ఆయన అందరికీ టీ పెడతానని వంటింట్లోకి పోయాడు. స్టవ్ వెలిగించేది లైటర్‌తో కాబట్టి ధైర్యం చేస్తాడు.

"కొత్తవాళ్ళు మిమ్మల్ని తేరిపార చూస్తారా అక్కా?"

"చూస్తారు. నేనూ చూస్తాను. ముందు వాళ్ళే కళ్ళు దించుకుంటారు."

"అట్టా కాదు. ఈ ఐదింట్లో ఒకటి చెప్పండి."

"చూడటానికి తరచుగా వేసుకో. దించుకోవడానికి ఎల్లప్పుడూ వేసుకో."

దించుకోవడానికి గడి లేదంది. కొత్తవాళ్ళు మర్యాదగా మాట్లాడతారా అని అడిగింది. మరీ ఎక్కువ మర్యాద, కాలకముందు బస్సులో నిలబడి నడుము విరిగేది, ఇప్పుడు లేచి సీటిస్తున్నారు, దాన్ని ఎందులో వేస్తావు అన్నాను. పాప పెన్ను నోట్లో పెట్టుకుని చాలాసేపు ఆలోచించింది. అరుదుగాకూ అప్పుడప్పుడుకూ తేడా ఎంత అని నేను అడిగితే ఇద్దరం కలిసి ఆలోచించాం. మొత్తానికి నా మార్కులు తక్కువలోనే నడుస్తున్నాయి. నాకు హుషారుగా ఉంది.

అప్పుడు అడిగింది. "మీ ఇంట్లోవాళ్ళు మీతో కలిసి బయటికి రావడానికి వెనకాడతారా?"

"ఎల్లప్పుడూ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "రాసుకో పాపా. దాని కింద గీత కూడా కొట్టు."

వంటింట్లో గ్లాసు కింద పడింది. మా ఆయన గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. టీకి గరిటె ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

"నేనా? నేను ఎనకాడతానా?" అన్నాడు.

"కాకపోతే పక్కింటాయనా?"

"నీ పక్కన నడిస్తే జనం నా మొగం సూడరు మే. నా సేతులు సూస్తారు. అగ్గిపెట్టె ఉండాదేమోనని." గరిటె ఊపుతూ చెప్పుకుపోయాడు. "నేనొక్కణ్ణే పోతే ఆ టమోటాలామె గట్టి కాయలు ఏరి ఇస్తాది. నువ్వు అల్లంత దూరంలో కనపడితే సాలు, కుళ్ళినవన్నీ నా సంచిలోకి తోస్తాది. ఆటోవోడు 'నువ్వు ముందుకు రాప్పా, ఆయమ్మని ఎనక నెమ్మదిగా కూసోనీ' అంటాడు. నేనేం సేసినానని? మీ సీడై సేసిన పనికి నేను ముద్దాయిని."

పాప ప్రశ్నల కాగితాలు ఒళ్ళో పెట్టుకుని నోరు తెరుచుకుని చూస్తోంది.

"మరి నాతో చెప్పి ఏడవొచ్చు కదా" అన్నాను.

"ఏమని సెప్పేది? నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ. ఇట్టాటోడితో ఎట్టా కాపరం సేస్తాండాదో పాపం అని నిన్ను సూస్తారే, ఆ సూపు నాకు పడదు. నేను దూరంగా ఉంటే నిన్ను మామూలుగా సూస్తారు. సీటిస్తారు. అందుకే ఎనక బస్సు."

ఇన్నాళ్ళు ఉప్పు రసం తాగించాను ఈయనకు. నామోషీ అనుకున్నది నామోషీ కాదని తెలిసి సంతోషం ఒక పక్క, ఇంత పిచ్చిమనిషిని కట్టుకున్నానా అని చిరాకు ఒక పక్క. రెండూ కలిసి నవ్వొచ్చింది, కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి.

"నన్ను కూడా అడుగు పాపా" అన్నాడాయన, కుర్చీ లాక్కుని.

"ఇవి కాలినవాళ్ళకే అన్నా."

ఆయన అరచేయి చాపాడు. దుప్పటి కప్పినప్పుడు అంటుకున్న మచ్చ, రూపాయి బిళ్ళంత. పాప దాన్ని చాలా మర్యాదగా చూసి, "లెక్కలోకి రాదన్నా. ఊరికే అడుగుతా" అంది. ప్రతి ప్రశ్నకూ ఆయన ఎల్లప్పుడూ అన్నాడు. కొన్నింటికి ప్రశ్న పూర్తికాకముందే అన్నాడు. పాప కూడి చూసి, నా కంటే ఆయనకే చాలా ఎక్కువ వచ్చాయంది. చదువుకునే రోజుల్లో కూడా అన్ని మార్కులు చూసి ఉండడు. ఆ సాయంత్రమంతా ఛాతీ విరుచుకుని తిరిగాడు.

గృహప్రవేశం రోజు చేయి పట్టుకుని లాక్కుపోయి ఒకే బస్సెక్కించాను. కిటికీ పక్క నేను, మధ్యలో ఆయన, ఆ చివర ఒక అవ్వ. అవ్వ ఒళ్ళో ఉడికించిన శెనక్కాయల సంచి. వడమాలపేట దాటేలోపలే నా మెడ చూసింది, తర్వాత ఆయన చేతులు చూసింది. ఆయన చేతులు రెండూ చంకల్లో దాచుకున్నాడు. దాంతో ఇంకా దొంగలా కనపడ్డాడు.

అవ్వ ఆయన మీదుగా చేయి చాపి నాకు పిడికెడు శెనక్కాయలిచ్చింది. ఆయన వైపు చూడను కూడా లేదు.

"అవ్వా, ఇది ఈయన సేసింది కాదు. సీడై పేలింది. ఈయనే ఆర్పినాడు" అన్నాను.

"అవును తల్లీ, అట్టనే సెప్పాల" అంది అవ్వ, నా వైపు ఎంతో జాలిగా చూస్తూ.

మా ఆయన నన్ను చూసిన చూపు, చెప్పానా లేదా అన్నట్టుంది. వెనక సీటుకు పోదామని లేవబోయాడు. చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాను. గాలి చల్లగా ఉంది, తెల్లవారుజామున లేచిన ఒళ్ళు. ఆయన భుజం మీద తల పెట్టుకున్నాను. ముడతలు పడిన వైపే ఆనింది. తాను కదిలితే నాకు మెలకువ వస్తుందని ఆయన ఊపిరి కూడా బిగబట్టి కూర్చున్నాడు. నేను నిజంగానే నిద్రపోయాను. గురక కూడా పెట్టానట, ఆయన చెప్పిన మాట, నేను ఒప్పుకోను.

పుత్తూరులో బస్సాగితే మెలకువ వచ్చింది. అవ్వ దిగి పోతోంది. మా ఆయన ఒళ్ళో శెనక్కాయ పొట్టు కుప్పగా ఉంది, మూతికి ఉప్పు అంటుకుని ఉంది. నావేమో అని చూసుకున్నాను. నావి నా చెంగులోనే ఉన్నాయి.

"నాకు ఒక్కటన్నా మిగల్చలేదే" అన్నాను.

"నీకెందుకు పెట్టాల?" అన్నాడు. "ఇవి నాకని ఇచ్చింది."