బావ చేసిన చల్లగాలి గొట్టం

మా బావ పోయారు. పోయిన నెల ఒక మధ్యాహ్నం కోవిల్‌పట్టి టాక్సీ స్టాండులో బండి నీడకు పెట్టుకొని కూర్చున్నప్పుడు విరుదునగర్ నుంచి అక్క ఫోను చేసింది. "మీ బావ అన్నం తిని పండుకున్నారు. లేపితే లెయ్యలేదురా," అంది. ఏడవలేదు. నేనూ ఏడవలేదు. తరవాత "బండి మెల్లగా తోలుకొని రా" అని పెట్టేసింది.

పెద్దకర్మ అయిపోయింది. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. నాకు మాత్రం పొద్దున లేచినప్పుడే అలసటగా ఉంటోంది. ముప్పై ఏళ్ళు బండి తోలిన అలసట కాదది. చెప్పవలసిన మాట ఒకటి చాలా ఏళ్ళుగా చెప్పకుండా మోసిన అలసట. అది ఇక్కడ చెప్పుకుంటాను. తమిళనాడులో ఉన్న మా ఇళ్ళలో తెలుగు మాట్లాడతామే కానీ రాయడం నాకు పెద్దయ్యాక వచ్చింది. తప్పులుంటే మన్నించండి.

విరుదునగర్‌లో బావకు టింకరింగ్ షాపు ఉండేది. గుద్దుకున్న బండ్ల రేకులు సరిచేసేవారు, తుప్పు పట్టిన చోట కోసి కొత్త రేకు అతికేవారు. ఏ పనికైనా ముందు అట్ట కావాలి ఆయనకు. కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల్లో పారేసే అట్టలు నేనే డిక్కీలో వేసుకొని వెళ్ళి ఇచ్చేవాణ్ణి. అట్టను కోసి, వంచి, బండిలో పెట్టి చూసి, కుదిరాకే రేకు ముట్టేవారు. "అట్ట తప్పు పోతే పొయ్యిలోకి పనికొస్తాది. రేకు తప్పు పోతే దినమూ నా మొగమే సూస్తా ఉంటాది," అనేవారు. ఎవరైనా బండి తెచ్చి ఇది చెడింది, అది చెడింది అని చెబుతుంటే మధ్యలో ఆపి, "ముందు సెయ్యి పెట్టి సూడు" అనేవారు. వేడిగా ఉందా, అదురుతోందా, వదులుగా ఉందా అన్నది చెయ్యే చెప్పాలి. ఆయన అరచేతుల్లో కాలిన మచ్చలు లేని చోటు లేదు.

తొంభైల నడుమ నేను ఒక పాత డీజిలు కారు తోలేవాణ్ణి. పొద్దున బాగానే పోయేది. ఎండాకాలం మధ్యాహ్నం ఐదుగురిని ఎక్కించుకొని సాత్తూరు దాటేసరికి ఊపిరాడనట్టు అయిపోయేది. ఎంత తొక్కినా నల్లటి పొగ తప్ప వేగం ఉండేది కాదు. కోయంబత్తూరు నుంచి వచ్చిన ఒక డ్రైవరు నాకో రంగుల కాయితం ఇచ్చాడు. అందులో తళతళలాడే ఒక గొట్టం, చివర గోపురంలాంటి ఫిల్టరు. కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ అని దాని పేరు. అది కొని పెట్టుకుంటే ఇంజను చల్లటి గాలి తీసుకుంటుందట, బలం పెరుగుతుందట. ఆ కాయితం జేబులో పెట్టుకొని ఎండలో విరుదునగర్ పోయాను.

బావ దాన్ని తిప్పి తిప్పి చూశారు. బానెట్ ఎత్తి, "సెయ్యి పెట్టి సూడు," అన్నారు.

ఫిల్టరు మూతి దగ్గర చెయ్యి పెట్టి వెంటనే తీసేశాను.

"ఈ గాలినే నీ ఇంజను తాగతా ఉండాది. సరి, ఈ పైపు యాడ పెడతావు?"

"ఈడనే బావా."

"ఈడనే పెడితే ఈ గాలే గదరా. మెరస్తా ఉండాది, అంతే. గాలి యాడినించి తీసుకుంటాదో అది సూడల్ల."

కొనవద్దన్నారు. తానే చేస్తానన్నారు.

రెండు ఆదివారాలు పట్టింది. అట్టలతో నాలుగుసార్లు చేసి పారేశారు. చివరికి ఫిల్టరు చుట్టూ రేకుతో ఒక పెట్టె కట్టారు. రెండు పొరల రేకు, నడుమ వేలు పట్టేంత సందు. ఇంజను వేడి లోపలికి రాకూడదని. ఆ పెట్టె నుంచి లారీలకు వాడే మందపాటి రబ్బరు గొట్టం తీసి, రేడియేటరు పక్కగా ముందుకు తెచ్చి, దాని మూతిని హెడ్‌లైటు వెనక, పైన పెట్టారు. గాలికి ఎగిరే పత్తి దూది లోపలికి పోకుండా మూతికి వల. వాన చినుకు పడితే కారిపోవడానికి పెట్టె అడుగున చిన్న బెజ్జం. అక్క బళ్ళో సైన్సు ల్యాబులో పనిచేసేది. అక్కడి నుంచి థర్మామీటరు అడిగి తెచ్చింది. గొట్టం పెట్టక ముందు ఒకసారి, పెట్టాక ఒకసారి ఫిల్టరు దగ్గర దాన్ని కట్టి, ముగ్గురం అదే రోడ్డు మీద అదే ఎండలో తిరిగొచ్చాం. రెండోసారి పాదరసం బయటి ఎండకు కాస్త పైన మాత్రమే నిలిచింది. అక్క చప్పట్లు కొట్టింది. బావ చేతులు తుడుచుకుంటూ, "కొంచెం తేలికగా పోతాది. గుర్రం మాత్రం కాదు," అన్నారు.

నిజంగానే తేలికగా పోయింది. పొగ తగ్గింది. మధ్యాహ్నం కూడా లారీలను దాటగలిగాను. స్టాండులో డ్రైవర్లందరూ బానెట్ ఎత్తించి చూశారు. నాకు అది తలకెక్కింది. ఇంకా చల్లటి గాలి కావాలనిపించింది. గొట్టం మూతిని ఇంకా కిందికి, బంపరు కిందికి దించమని బావను అడిగాను.

"వద్దు," అన్నారు. "ఐప్పసి నెల వానల్లో మన పక్క వాగులు, ఓడలన్నీ పొంగి రోడ్డు మీదికి వస్తాయి. కింద పెడితే గాలి తాగదు, నీళ్ళు తాగతాది. ఇంజనులోకి నీళ్ళు పోతే రాడ్డు వంగిపోతాది. దానికి ఆశ పడవాక."

నేను ఆశపడ్డాను. కోవిల్‌పట్టిలో ఇంకో షాపులో ఇంకో గొట్టం అతికించి మూతిని బంపరు కిందికి దింపించుకున్నాను. బావకు చెప్పలేదు.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. ఒక సాయంత్రం పుదూరు పక్క పల్లెలో మిరప చేలో ఒక రైతును కాలి మీద పాము కరిచింది. ఏదో పని మీద అక్కడే ఉన్నాను. ఆయన్ని వెనక సీట్లో పడుకోబెట్టి, తల వాళ్ళ అన్న ఒళ్ళో పెట్టి, కోవిల్‌పట్టి ఆసుపత్రికి బయలుదేరాం. దారిలో ఓడ, అంటే వాగు, పొంగి రోడ్డు మీదికి వచ్చి ఉంది. నీళ్ళు మోకాలంత కూడా లేవు. మా ముందు ఒక బస్సు దాటింది. నేనూ దిగాను. నడుమకు రాగానే ఇంజనులో దబ్బుమని ఒక చప్పుడు. తరవాత ఏ చప్పుడూ లేదు. నీళ్ళు తలుపులకు తగిలే చప్పుడు తప్ప.

వెనక నుంచి ఆ రైతు, "ఏమాయ?" అని అడిగాడు. గొంతు అప్పటికే ముద్దగా ఉంది. నేను తలుపు తోసుకొని నీళ్ళలోకి దిగాను.

ఇద్దరం మోసుకొని గట్టుకు చేర్చాం. ట్రాక్టరు ఒకటి దొరకడానికి చాలాసేపు పట్టింది. మనిషి బతికాడు. కానీ కాలు కుళ్ళి, ఆ కండ రెండుసార్లు కోసి తీశారు. పాదం సన్నబడి పక్కకు తిరిగిపోయింది. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే అని డాక్టరు అన్నాడు.

మరుసటి రోజు పొద్దున బావ లారీలో వచ్చారు. ఇంజను విప్పి తిప్పితే నీళ్ళు చిమ్మాయి. తరవాత వంగి బంపరు కింద చూశారు. చాలాసేపు అలాగే వంగి ఉన్నారు. అది తన పని కాదని రివిట్లు చూడగానే ఆయనకు తెలిసిపోయి ఉంటుంది. నా వైపు తిరగలేదు. ఆ కింది గొట్టాన్ని విప్పి, గోనెసంచిలో చుట్టి లారీలో వేశారు.

వారం తరవాత, బండి ఆగింది గొట్టం వల్లేనని విని రైతు అన్న విరుదునగర్ షాపుకు వచ్చాడు. వెంట ఊరివాళ్ళు నలుగురు. నేను అక్కడే ఉన్నాను.

"ఆ పైపు కట్టింది ఎవురు?" అని అరిచాడు.

నేను నోరు తెరిచాను. అంతకు ముందే బావ లేచి నిలబడ్డారు.

"నేనే. నా తప్పు."

వాళ్ళు ఏమేమి అన్నారో రాయను. బావ తల వంచుకొని అంతా విన్నారు. అక్క లోపలి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి విన్నది. నేను గోడకు ఆనుకొని నిలబడ్డాను. అంతే చేశాను.

వాళ్ళు పోయాక, "ఎందుకు బావా?" అన్నాను.

"నా షాపుకు వచ్చేవి బండ్లు. బండికి బయం లేదు. నీ దగ్గరికి వచ్చేది మనుసులు. వాళ్ళు బయపడితే నువ్వేమి సేస్తావు?" అన్నారు. మళ్ళీ, "మీ అక్కకు సెప్పవాక. తమ్ముడని బాదపడతాది," అన్నారు.

రెండేళ్ళు పుదూరు పక్క నుంచి ఒక్క ట్రాక్టరూ బావ షాపుకు రాలేదు. ఆయన మాత్రం ఆ పక్కకు పోతూనే ఉన్నారు. రైతు మళ్ళీ నడవడం మొదలుపెట్టాక, ఆ కాలితో ట్రాక్టరు బ్రేకు తొక్కలేకపోతున్నాడని ఎవరి నోటనో విన్నారు. నన్ను అడిగి అట్టలు తెప్పించుకున్నారు. బస్సెక్కి వెళ్ళి ఆ పాదం కొలత తీసుకొని, పెడలుకు వెడల్పాటి రేకు, పాదం జారకుండా పక్కన అంచు కట్టి ఇచ్చి వచ్చారు. వాళ్ళు ఏమన్నారని అడిగితే, "పెడలు బాగుండాదా అని తొక్కి సూసినాడు. బాగుండాది," అని మాత్రం చెప్పారు.

ఏళ్ళు గడిచాయి. నేను కొత్త కారు కొన్నప్పుడు బావకు చూపించడానికి తీసుకెళ్ళాను. అప్పటికి ఆయన షాపు మూసేశారు, కళ్ళు సరిగా ఆనేవి కావు. బానెట్ ఎత్తించి, వేళ్ళతో తడుముకుంటూ ఫిల్టరు గొట్టం వెంట ముందుకు పోయారు. కంపెనీవాళ్ళు దాని మూతిని లైటు వెనక, పైన పెట్టారు. ఆయన నవ్వారు. "వీళ్ళూ ఈడనే పెట్టినారురా," అన్నారు. ఆయన అంత సంతోషంగా నవ్వడం నేను చూసింది అదే కడసారి. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు, నేను ఆ పల్లెకు పోయి నిజం చెప్పొస్తాను బావా అని. చెప్పలేదు. బానెట్ దించాను.

బావ సావుకు ఆ రైతు వచ్చాడు. కబురు ఎవరు చెప్పారో తెలియదు. పుదూరు నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు. తల నెరిసింది. శవం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఎత్తుకుపోయి, అంతా ముగించి తిరిగొచ్చాక, ఇంటి పక్క సందులో ఆయన ఒంటరిగా కనబడితే దగ్గరికి పోయాను. గొట్టం కిందికి దింపించింది నేనని, బావకు అప్పటికి అది తెలియనే తెలియదని చెప్పాను. మాటలు తడబడ్డాయి కానీ అంతా చెప్పాను.

కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆయన నన్ను కాదు, ఎదురుగా ఉన్న గోడను చూస్తూ అన్నాడు:

"పెడలు కట్టేదానికి వచ్చినప్పుడు నా కాలు తన ఒళ్ళో పెట్టుకొని కొలిసినాడు. నేను మొగం పక్కకు తిప్పుకొనుంటి. తాగేదానికి నీళ్ళు గూడా ఇయ్యలేదు. ఆ మనిసి బతికి ఉన్నప్పుడు సెప్పుండచ్చు గదా, తమ్ముడా."

అక్కకు ఆ సాయంత్రమే చెప్పాను. విని, లోపలికి పోయింది. ఇంకా ఆ మాట ఎత్తలేదు.

ఆ రైతు నాతో ఆ మాట అన్నాక, బస్సు వేళయిందని సందు చివర కొళాయి దగ్గరికి పోయాడు. సావింటి నుంచి పోయే ముందు కాళ్ళు కడుక్కోవాలి కదా. మంచి కాలు ఒక్క చెంబుతో కడిగేశాడు. తరవాత ఒక చేత్తో గోడ పట్టుకొని, ఆ సన్నటి పాదాన్ని మెల్లగా కొళాయి కింద పెట్టాడు. మడమ, మడత పడిన వేళ్ళ సందులు, కోసిన గుంట, అన్నీ వేళ్ళతో తడుముతూ కడిగాడు. బస్సు హారన్ వినబడింది. ఆయన తల ఎత్తలేదు. కొళాయి నీళ్ళు ఆ పాదం మీద పడుతూనే ఉన్నాయి.