వెనక సీటులో కూర్చునే మేస్త్రీ

బళ్లారి దగ్గర సిరుగుప్పలో కార్లు బాగుచేసే మా మేస్త్రీ పోయాడని మొన్న బియ్యం లారీ డ్రైవరు చెప్పాడు. "బేస్తవారం పొద్దున్నే పాయెనప్పా. ముందురోజు దాకా షెడ్డులోనే ఉండె." అప్పటినుంచి ఏ పని మీదా మనసు నిలవడం లేదు.

కాలవ నీళ్లు వచ్చిన కొత్తలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలం కొన్నవాళ్లం మేము. రెండు పంటలు చేతికి రాగానే ఒక ముసలి కారు కొన్నాను. ఎద్దులబండి అలవాటు ఎక్కడికి పోతుంది? వెనక సీటు పీకేసి వడ్ల బస్తాలు వేశాను. బరువుకు కారు కుంగితే, చక్రాల మీద కుదుపు ఆపే ఇనప పట్టీల కమాన్ కట్టల్లో లారీ పట్టీలు రెండేసి ఎక్కువ వేయించాను. మేస్త్రీ చూసి, "కారుకు నడుము కట్టేసినావు కదప్పా" అన్నాడు. నవ్వేశాను. బిర్రబిగిసిన కారు ఆ తర్వాత ప్రతి గుంతకూ ఎగిరెగిరి పడేది.

ఏ కారు వచ్చినా ఆయన స్టీరింగు పట్టేవాడు కాదు. యజమానిని నడపమని, తాను వెనక కూర్చుని కళ్లు మూసుకునేవాడు. టకటకమంటే పట్టీల చివరి రబ్బరు బుష్షులు అరిగాయని, కీచుమంటే పట్టీల మధ్య గ్రీజు ఎండిపోయిందని, ఒక పక్కకు ఒరిగితే పెద్ద పట్టీ విరిగిందని అక్కడినుంచే చెప్పేవాడు. "ముందర కూర్చున్నోనికి ఏం తెలుస్తాదప్పా? దెబ్బలన్నీ యెనక సీటుకే" అనేవాడు.

మా ఆవిడకు రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి ఏడో నెలలో బళ్లారి ఆసుపత్రికి తీసుకురమ్మని డాక్టరమ్మ కబురు పెట్టింది. వెనక సీటు మళ్లీ బిగించమని షెడ్డుకు వెళ్లాను. సంగతి వినగానే మేస్త్రీ నా చేతిలోంచి తాళంచెవి లాక్కున్నాడు.

"యాడికప్పా ఈ కారులో? ఆయమ్మ కడుపుతో ఉండాది. లారీ పట్టీలు తీసేదాకా కదలనీను."

"రేపు పొద్దున్నే వెళ్లాలి మేస్త్రీ."

"రేపటికే ఇస్తా."

సాయంత్రానికి పట్టీలు ఊడదీసి, బుష్షులు మార్చి, సీటు బిగించి, తాను వెనక కూర్చుని నాచేత ఊరి చుట్టూ నాలుగుసార్లు నడిపించాడు. గుంత వచ్చిన ప్రతిసారీ చెయ్యి తన కడుపు మీద పెట్టుకున్నాడు. అద్దంలో చూసి నాకు సిగ్గేసింది. ఆ పట్టీలు వేయించిన తప్పు నాదేనని ఆరోజే చెప్పాల్సింది, చెప్పలేదు. ఇప్పుడు చెబుదామన్నా మనిషి లేడు.

మర్నాడు నా మీద నమ్మకం లేక తానూ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. దారి పొడవునా "మెల్లగప్పా" తప్ప మరో మాట లేదు. భయంతో రెండు రోజులుగా కంటికి కునుకు లేని మా ఆవిడ వెనక సీటులో సగం దారిలోనే నిద్రపోయింది. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. ఇప్పుడు బడికి పోతోంది. కారు ఏ మాత్రం చప్పుడు చేసినా, మేస్త్రీని అడగాలి అనుకుంటూనే ఉన్నాను.

ఆ రోజు ఆసుపత్రి ముందు కారు ఆపి మా ఆవిడను లేపబోతే, మేస్త్రీ నా చెయ్యి పట్టుకున్నాడు. "పండుకోనీప్పా. డాక్టరమ్మ ఇంగా రాలే." కిటికీలోంచి ఎండ ఆమె ముఖం మీద పడుతోంది. ఆయన కిందికి దిగి, భుజం మీది తువ్వాలు తీసి, కిటికీకి అడ్డంగా రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. ఆమె కళ్లు తెరిచేదాకా చేతులు దించలేదు.