తరిగిపోతున్న తాతయ్య కెరీర్

అందరి తాతయ్యల గొప్పలూ ఏటేటా పెరుగుతాయి. మా రంగయ్య తాతయ్యవి మాత్రం తరుగుతాయి.

కుర్రతనంలో మెల్‌బోర్న్‌కి చదువుకోవడానికి వెళ్ళి, చదువు సంగతి ఎలా ఉన్నా, అక్కడి ఫుట్‌బాల్ మాత్రం నేర్చేసుకున్నారు. కోడిగుడ్డు లాంటి బంతి. దాన్ని అందుకోవడానికి ఎదుటివాడి భుజాలెక్కినా ఎవరూ ఏమీ అనరట. జీతమిచ్చే క్లబ్బులో ఆడారు కూడా. ఎంతకాలమన్నదే ఇప్పుడు మేముండే ట్రాయ్ ఊళ్ళో ఎవరికీ తేలలేదు.

మొదట్లో "సీజనంతా ఆడాను" అనేవారు. పక్కింటి రఘు అంకుల్‌ని కంపెనీ రెండు నెలలకే లేఆఫ్ చేస్తే, "నన్ను నెలకే పంపించేశారోయ్" అన్నారు. ఎదురింటి మీనా ఆంటీ డ్రైవింగ్ టెస్ట్‌లో పార్కింగ్ లాట్ దాటకుండానే ఫెయిలైతే, తాతయ్య నెల కాస్తా ఒక్క మ్యాచ్‌కి తగ్గింది.

"మీ కెరీర్‌ని బట్టల డ్రైయర్‌లో గానీ వేశారా, ఇలా ముడుచుకుపోతోంది?" అంది నానమ్మ.

"వయసు మీద పడిందే, మర్చిపోతున్నా."

ఆయనకి మెల్‌బోర్న్ హాస్టల్ వంటవాడి కుక్క పేరు కూడా గుర్తే!

మొన్న శనివారం మా చెల్లి సాన్వి స్కూల్ సాకర్ ఫైనల్‌లో ఆఖరి పెనాల్టీ తన్నింది. బంతి గోల్‌ని వదిలేసి మా వ్యాన్‌కి తగిలింది. ఇంటికి రాగానే షూస్ గరాజ్‌లో చెత్తడబ్బాలో పడేసి, "ఐ యామ్ డన్. ఇంకెప్పుడూ ఆడను" అని అక్కడే కూర్చుంది.

తాతయ్య వెళ్ళి పక్కన కూలబడ్డారు. నేను తలుపు చాటున నించున్నాను.

"నేనసలు బంతే ముట్టుకోలేదమ్మా. దిగాను, జారిపడ్డాను, మోసుకెళ్ళిపోయారు. అంతే నా కెరీర్."

"లయర్! సీజనంతా ఆడానన్నారుగా!"

"అది సరేగానీ, మా ఆటలో గోల్ తప్పి, దానికి అటూ ఇటూ ఉండే పక్క స్తంభాల మధ్య నుంచి పోయినా ఒక పాయింట్ ఇస్తారు, తెలుసా?"

"మిస్సయితే కూడానా?"

"దగ్గరికొచ్చావు కదా అని. వ్యాన్ దాకా పోతే మాత్రం ఇవ్వరులే."

"తాతయ్యా!" అంటూనే కిసుక్కున నవ్వింది.

నేను వంటింట్లోకి పరిగెత్తాను. "నానమ్మా, ఏది నిజం?"

"సీజనే. చివర్లో మోకాలు విరిగేదాకా టీమ్‌లో ఎక్కువ గోల్స్ ఈయనవే. ఎదుటివాళ్ళకన్నా జానెడు తక్కువ ఉండాలని తన గొప్పని కత్తిరించుకుంటారు. నేను చెప్పానని అనకు."

ఆదివారం బ్యాక్‌యార్డ్‌లో మంచు ఎత్తే పారలు నాలుగు స్తంభాలయ్యాయి. చెత్తడబ్బాలోంచి తీసిన షూస్‌తో సాన్వి తాతయ్య దాచుకున్న కోడిగుడ్డు బంతిని తన్నింది. అది పక్క పారల మధ్య నుంచి దూసుకెళ్ళి నానమ్మ గోంగూర మడిలో పడింది.

"వన్ పాయింట్!" తాతయ్య చేతులెత్తి గంతేశారు.

"ఏవండీ!" కిటికీలోంచి నానమ్మ కేక. "మీ కెరీర్ ఇవాళ్టితో సరి!"