పీకని నారు

కలకత్తా దగ్గర లిలువా రైల్వే క్వార్టర్స్‌లో మా పక్కింటి పిన్ని, దుర్గాపూజ పందిళ్లు విప్పగానే పగిలిన బకెట్‌లో వంగ నారు పోసేది. నారు ఒత్తుగా మొలిస్తే ఎవరైనా బక్కవాటిని పీకేస్తారు. ఆవిడ పీకేది కాదు. టీ కొట్టు దగ్గర పారేసిన మట్టి కప్పులు ఏరుకొచ్చి, అడుగున మేకుతో చిల్లు పెట్టి, ఒక్కో బక్క మొక్కనీ ఒక్కో కప్పులో నాటేది. నీళ్లు పోస్తే ఒరిగిపోతాయని వేళ్లు ముంచి చిలకరించేది. వీధిలో ఎర్రజెండాల ఊరేగింపు పోతుంటే, దుమ్ము పడుతుందని వాటిమీద కొంగు కప్పేది.

"అవి కాయవు పిన్నీ, చోటు దండగ" అంటే మండిపడేది.

"చెప్పడానికి నువ్వెవులివే? బతికితే బతుకుద్ది."

ఆ కోపం ఎందుకో మాకందరికీ తెలుసు. ఆవిడ కూతురు పుట్టినప్పుడే, గుండె బాగోలేదు, బతకదన్నారు డాక్టర్లు. ఆ పిల్లని బడి ఈడు దాకా తెచ్చింది పిన్ని. మెట్లెక్కలేకపోతే చంకనేసుకుని బడికి తీసుకెళ్లేది.

ఓ ఏడాది నారు మొలిచిన రోజుల్లోనే ఆ పిల్ల ఆసుపత్రిలో మూలిగి మూలిగి పోయింది. కర్మలయ్యాక ఓ పొద్దున చూద్దును కదా, పిన్ని బకెట్ ముందు కూర్చుని బక్క మొక్కల్ని ఒక్కొక్కటే పీకుతోంది.

"ఏటి పిన్నీ, నువ్వే పీకేస్తన్నావు?"

తలెత్తలేదు. "ఇప్పుడైతే వీటికి నొప్పి తెలీదమ్మా" అంది.

పీకినవి పారెయ్యలేదు. గుప్పిట్లో పట్టుకుని, రెండో చేత్తో వాటిమీద నీళ్లు చిలకరిస్తూ కూర్చుంది.