చెరిగిపోయిన పోలిరాజు

అమలాపురంలోని ఒక కంటి ఆసుపత్రిలో భవానీదేవి ఇరవై ఏళ్లు పనిచేసింది. మొదట్లో టైపుమిషను. రెండువేల మూడులో దాని చోటికి కంప్యూటరొచ్చింది. జాబితాలన్నీ దాచే సర్వరు మేడమీద గదిలో, వాటిని తెరిచి దిద్దే యాక్సెస్ ప్రోగ్రాము కింద ఆమె బల్లమీద. పట్టిక తెరిచి గడిలో దిద్ది పక్క వరసలోకి జరిగితే చాలు, ఆ మార్పు మేడెక్కిపోయేది. తుడిచిన చోట మచ్చయినా మిగలదే అని ఆమెకు లోలోపల భయం.

ఉచిత శుక్లాల ఆపరేషన్ల జాబితా ఆమె చేతిలోదే. నంబరు సర్వరే వేసేది, పిలుపు ఆ నంబరు ప్రకారం. ఓ మధ్యాహ్నం అందులో ఓలేటి పోలిరాజు, కాట్రేనికోన, అరవై ఏళ్లు, రెండు వరసల్లో కనిపించాడు. పైన ఎడమకన్ను, కింద కుడికన్ను. ఎవరో పొరపాటున రెండోసారి ఎక్కించారనుకుని పై వరస తీసేసింది. నిజంగా తీసెయ్యాలా అని కంప్యూటరు అడిగింది కూడా. అవునంది.

ఆపరేషను రోజున ఇద్దరు ముసలివాళ్లు చేయీ చేయీ పట్టుకుని వచ్చారు.

"ఓలేటి పోలిరాజు గారూ!"

"ఆయ్," అన్నారిద్దరూ.

"ఇద్దరికీ ఒకటే పేరాండీ?"

"మా తాత పేరమ్మా. మా నాన్నా, ఈడి నాన్నా పెద్దకొడుక్కి ఆ పేరే పెట్టేరు. ఈణ్ని ఇంటికాడ అబ్బులంటాం," అన్నాడు పొడుగాయన.

"ఇద్దరికీ అరవయ్యేనా?"

"ఎవరడిగినా అదే చెప్తామండీ."

చెరిగింది అబ్బులు వరస. వలలు బాగుచేసే మనిషి. కుడికన్ను ఎప్పుడో పోయింది, ఉన్న ఎడమకన్ను శుక్లంతో మూసుకుపోయింది. చిరుగులు వేళ్లతో వెతుక్కుంటున్నాడు. భవానీదేవి గబగబా అతని పేరు మళ్లీ ఎక్కించింది. సర్వరు మూడువందల పద్దెనిమిది వేసింది. పాత నంబరు కొట్టబోతే తీసుకోలేదు.

"ఇక దసరా దాటాకేనండీ. మిమ్మల్ని నేనే తీసేశాను, తప్పు నాదే," అంది.

"పోన్లెండి అమ్మా, ఇంకా బతికే ఉన్నాను గదా," అని నవ్వాడు అబ్బులు. చేతికర్ర కోసం తడుముకుంటూ వెనక్కి తిరిగాడు.

పొడుగాయన కదల్లేదు. "ఆ మిగిలిందాన్లో పేరేటమ్మా?"

"పోలిరాజేనండీ."

"ఊరు?"

"కాట్రేనికోనే."

"మరింకేటి, అది ఈడిదే. నాకో కన్ను బానే ఉంది. దసరాకి నేనొస్తాను."

"నీ దయ నాకెందుకెహె!"

"దయేట్రా? నీకు చూపొస్తేనేగానీ నా వల బాగవదు."

భవానీదేవి జరిగినదంతా డాక్టరుగారికి చెప్పి, ఇద్దరి కాగితాలూ ముందు పెట్టింది. ఆయన ఇద్దరి కళ్లూ పరీక్షించి సరేనన్నాడు. మార్చాల్సింది ఒక్కో వరసలో ఒక్క గడే. పాత వరసలో కుడి తీసి ఎడమ అని, కొత్తదాంట్లో ఎడమ తీసి కుడి అని కొట్టింది. పిలుపు పేరుకో గడి చేర్చుదామని చూసింది. సర్వరులోని పట్టికకు కిందనుంచి కొత్త గడి కుదరదట. పాత వరస రిమార్కుల్లో రాసింది: అబ్బులు.

ఆ రోజునుంచి ఎవరొచ్చినా, "ఇంట్లో ఏమని పిలుస్తారండీ?" అని అడగడం ఆమెకు అలవాటైపోయింది.

దసరా వెళ్లాక ఈసారి అబ్బులే పొడుగాయన్ని చెయ్యిపట్టి తీసుకొచ్చాడు. చదువు రాకపోయినా తెరకేసి వంగి, వేలు పెట్టి చూపించాడు.

"ఇదేనామ్మా మావోడు?"

"ఇదేనండీ."

"కదపకండమ్మా," అని, ఆయన్ని లోపలికి పిలిచేదాకా అక్కడే నిలబడ్డాడు.