ఫువాతినో సంచీ సోదా

ఫువాతినో నర్సు ఎవరినీ నమ్మేది కాదు. సవాయి దీవిలో ముప్పై ఏళ్లు కాన్పులు చేసి, పని మానేసి ఇంట్లో కూర్చున్నా ఆ బుద్ధి పోలేదు. కడుపుతో ఉన్న పిల్లో, చంటిబిడ్డ తల్లో ఎదురైతే చాలు, "ఏమే, ఏం మింగుతున్నావు? తియ్ సంచీ!" అనేది. చర్చి వాకిట్లో కూడా! ఆడవాళ్లు ఆమె గొడుగు కనిపిస్తే పక్కదారి పట్టేవాళ్లు.

ఒక రోజు అదే ఊళ్లోని సియెని ఇంటికి వెళ్లింది. సియెని కోడలు లంగికి ఆపరేషన్ చేసి మగపిల్లాణ్ణి తీసి పన్నెండు రోజులు.

"మా మనవడు బంగారు కొండ! రెండ్రోజులుగా ఏడుపే లేదు," అని మురిసిపోయింది సియెని.

ఫువాతినో బిడ్డ మీదకు వంగింది. ఆకలేసే పసిగుడ్డు ఏడవకపోవడమేమిటి? అరికాలు గిల్లింది. కళ్లు తెరవలేదు. ఊపిరి ఆగి ఆగి వస్తోంది.

"లంగీ, ఏం మింగుతున్నావు?"

"ఆసుపత్రిలో ఇచ్చిన నొప్పి మాత్రలే, నర్సమ్మా."

"వాటికి బిడ్డ ఇలా మత్తుగా పడుండడు. నా చెవిలో పూలు పెట్టకు!"

"నీ అనుమానం పాడుగాను! నా కోడలు అబద్ధాలకోరా?" సియెని కస్సుమంది.

ఫువాతినో చాప ఎత్తింది, దిండు దులిపింది. తెల్ల సీసా దొర్లింది. కోడీన్. తల్లి మింగితే పాలలోంచి బిడ్డకు దిగి, ఊపిరినే మందగించే మందు.

"ఏ పాపిష్టిది ఇచ్చిందే నీకిది?"

లంగి వెక్కివెక్కి ఏడ్చింది. "కుట్ల నొప్పికి తాళలేక మింగాను నర్సమ్మా. మీ అమ్మాయి ఆక్లాండ్ నుంచి డ్రమ్ము నిండా సామాన్లు పంపితే అందరికీ తువ్వాళ్లు పంచారు కదా, ఈ సీసా మా మూటలో వచ్చింది. నర్సమ్మ ఇంటిదేగా, మంచిదే అనుకున్నా. పొరపాటున వచ్చిందని తిరిగి అడుగుతారేమోనని దాచా."

సీసా మీద కూతురి పేరే ఉంది. ఊరందరి సంచులూ వెతికిన మనిషి తన ఇంటి డ్రమ్మును మాత్రం చూడకుండా పంచేసింది. ఛీ, నా బతుకు! అనుకుంది.

పొరుగువాళ్ల ట్రక్కులో బిడ్డను ఒళ్లో పెట్టుకుని, దారిపొడవునా అరికాలు రుద్దుతూ ఆసుపత్రికి చేర్చింది. సాయంత్రానికి వాడు గుక్కపట్టి ఏడ్చాడు. అప్పటిదాకా ఆమె ఎవరి మొహమూ చూడలేదు.

ఇప్పటికీ సంచీలు సోదా చేస్తుంది. కాకపోతే ముందు తనది చాప మీద బోర్లిస్తుంది.

"చూడవే, బాగా చూడు. నన్ను అసలు నమ్మకు."